పడిపోయిన నాయకుని కోసం ప్రార్థించాలా?

ఎన్నో ఏళ్లుగా గౌరవించిన సంఘ నాయకుడు తప్పు చేసినట్టు తేలిందని, ఆయన వేదిక మీద క్షమాపణ చెప్పాక పెద్దలు "ఇక ఆ సంగతి ఎత్తవద్దు, ప్రార్థన చేయండి" అంటున్నారని, కానీ ఆయన పేరు తలచుకుంటేనే ప్రార్థన గొంతులో ఆగిపోతోందని, దేవుని మీద నమ్మకం కూడా సడలిపోతోందని మీరు రాశారు. నేనూ ఇలాంటి దారిలో దాదాపు మూడేళ్లు నడిచాను. అప్పుడు నాకు పనికివచ్చినవీ, పనికిరానివీ ఉన్నవి ఉన్నట్టు చెబుతాను.

నాకు బాప్తిస్మం ఇచ్చిన పాస్టరు గారే నాకు మోకరించి ప్రార్థించడం నేర్పారు. ఉద్యోగం మారాలన్నా, ఇంట్లో ఒక సంబంధం కుదుర్చుకోవాలన్నా ముందు ఆయనను అడిగేవాణ్ణి. ఆయన సరే అంటే దేవుడు సరే అన్నట్టే అనుకునేవాణ్ణి. తరువాత కానుకల లెక్కల్లో ఆయన అబద్ధమాడినట్టు బయటపడింది. అంతకు రెండేళ్ల ముందే ఒక కుటుంబం ఆ లెక్కల గురించి మర్యాదగానే అడిగింది. వాళ్లను తిరుగుబాటుదారులని ముద్రవేసి సంఘం నుండి వెళ్లగొట్టినప్పుడు, చేతులెత్తి సమ్మతి తెలిపిన వారిలో నేనూ ఉన్నాను.

నిజం తెలిసిన తరువాత మొదటి ఆరు నెలలు నేను చేసిన ప్రార్థనలన్నీ నిజానికి ఫిర్యాదులే. ఒక రాత్రి బైబిల్లో దానియేలు గ్రంథం 9వ అధ్యాయం చదువుతుండగా ఒక మాట దగ్గర ఆగిపోయాను. యెరూషలేము పాడై ఉండవలసిన కాలం 70 సంవత్సరాలని యిర్మీయా ప్రవక్త గ్రంథం ద్వారా గ్రహించిన దానియేలు ఉపవాసముండి, గోనెపట్ట కట్టుకొని, "మేము పాపము చేసితిమి" అని ప్రార్థిస్తాడు. రాజుల పాపాన్ని, అధిపతుల పాపాన్ని దాచకుండా పేర్కొంటూనే, తనను పక్కన నిలుపుకోకుండా వారితో కలుపుకుంటాడు. పారసీక రాజు కొలువులో ఉన్న యూదుడు నెహెమ్యా కూడా అంతే. తానూ తన తండ్రి ఇంటివారూ పాపం చేశామని ఒప్పుకున్నాకనే ప్రజల కోసం వేడుకున్నాడు. నా ప్రార్థనలో "ఆయన" తప్ప "నేను" లేదని నాకు అప్పుడు తెలిసింది.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా చెప్పాలి. నాయకుడు చేసిన తప్పులో మీకు వాటా ఉందని నేను అనడం లేదు; గాయపడినవారి మీద అపరాధ భారం మోపడం ఘోరమైన అన్యాయం. నా విషయంలో మాత్రం ఒప్పుకోవలసిన పాపాలు రెండు ఉన్నాయి. దేవునికి ఇవ్వవలసిన స్థానాన్ని ఒక మనిషికి ఇచ్చాను, ఆ మనిషిని కాపాడడానికి నిరపరాధులకు విరోధంగా చెయ్యెత్తాను. "రాజులచేతనైనను నరులచేతనైనను రక్షణ కలుగదు" అన్న 146వ కీర్తన మాట నాకు చిన్నప్పటి నుండి కంఠస్థమే, అయినా అది లోకపు అధికారుల గురించి చెప్పినదనుకున్నానే తప్ప, వాక్యం బోధించే మనిషి విషయంలోనూ వర్తిస్తుందని నాకు తట్టనే లేదు.

మారుమనస్సు అని మనం అనువదించుకునే మాట వెనుక, పాత నిబంధన హెబ్రీ భాషలో, వెనక్కి తిరిగి రావడమనే అర్థం ఉంది. కాబట్టి ఏడ్చి ఊరుకుంటే సరిపోదని నాకు అనిపించింది. ఆ కుటుంబం ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడే నేను చేసింది పాపమని చెప్పాను. ఆ ఇంటి పెద్దావిడ నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టారు గాని, "బాబూ, ఆ రోజుల్లో మా గడప తొక్కినవాళ్లు ఒక్కరూ లేరు" అని మాత్రం అన్నారు. నాకు వెంటనే క్షమాపణ దొరకలేదు, దానిని అడిగి పుచ్చుకునే హక్కూ నాకు లేదు. కానీ ఆ రోజు తిరిగి వచ్చాక నా ప్రార్థనలో మళ్లీ జీవం వచ్చింది.

ఇక వేదిక మీద చెప్పిన క్షమాపణను నమ్మాలా అన్న మీ ప్రశ్న. ఇశ్రాయేలు రాజులైన సౌలు, దావీదు ఇద్దరూ "నేను పాపము చేసితిని" అన్నవారే. సౌలు ఆ మాట అంటూనే తన జనుల పెద్దల యెదుట తనను గౌరవించమని సమూయేలు ప్రవక్తను కోరాడు (1 సమూయేలు 15:30). దావీదు నాతాను ప్రవక్త గద్దింపును ఒప్పుకున్నప్పుడు తన గౌరవం మాట ఎత్తలేదు, తరువాత వచ్చిన ఫలితాలనుండి సింహాసనం చాటుకు తప్పుకోనూ లేదు. మనం హృదయాలను చూడలేము, కానీ ఒప్పుకోలు వెంట ఏమి అడుగుతున్నారో వినగలం. లెక్కలు తెరిచి చూపుతున్నారా, నష్టపోయినవారి దగ్గరకు వెళుతున్నారా, పదవి వదలడానికి సిద్ధంగా ఉన్నారా అన్నది కొంతకాలం చూడండి. అలా చూడడం అవిశ్వాసం కాదు.

విజ్ఞాపన, అంటే ఇతరుల కోసం ప్రార్థించే విషయంలో నాకు అందరికంటే ఎక్కువ నేర్పినవాడు సమూయేలు. ప్రజలు రాజును కోరడం ఆయనకు నచ్చలేదు. అయినా వారి కోసం ప్రార్థన మానితే అది తాను దేవునికి విరోధంగా చేసే పాపమవుతుందని వారితోనే చెప్పాడు. సౌలు అవిధేయుడైనప్పుడు ఆ రాత్రంతా దేవునికి మొరపెట్టాడు, మరునాడు వెళ్లి తీర్పు మాటను మెత్తబరచకుండా ముఖాముఖిగా చెప్పాడు. ఆ తరువాత తాను బ్రతికినంత కాలం సౌలును చూడడానికి వెళ్లలేదు గాని, అతని గురించి దుఃఖిస్తూనే ఉన్నాడు. ఈ రెండూ ఒకే వచనంలో ఉన్నాయి (1 సమూయేలు 15:35). నాకు అది పెద్ద విడుదల. ఒకరి కోసం ప్రార్థించడమంటే మళ్లీ ఆయన అధికారం కిందికి వెళ్లడమని, లేదా జరిగినది మరచిపోవడమని నేను అంతవరకు పొరబడ్డాను. "ప్రార్థన చేయండి" అనే మాటతో సత్యాన్ని కప్పిపెట్టేవారికి సమూయేలు తోడు రాడు. చట్టానికి తెలియజేయవలసిన నేరమైతే తెలియజేయండి. దానికీ ప్రార్థనకూ విరోధం లేదు.

మనుషుల మీద ఇక ఆధారపడకూడదంటే నాయకులందరినీ దూరం పెట్టాలా అని కూడా మీరు అడిగారు. యాజకుడైన ఎజ్రా యెరూషలేము ప్రయాణానికి రాజు నుండి సైనికులను అడగడానికి సిగ్గుపడి ఉపవాసముండి బయలుదేరాడు. నెహెమ్యా అదే దేవుని నమ్మి, రాజు ఇచ్చిన పత్రికలు, రౌతులతో ప్రయాణం చేశాడు. రాజు "నీకేమి కావలెను" అని అడిగిన క్షణంలో నెహెమ్యా ముందు పరలోకపు దేవునికి ప్రార్థించి, ఆ తరువాతే జవాబిచ్చాడు. నేను ఇప్పుడు వేరొక సంఘంలో ఉన్నాను, అక్కడి కాపరి సలహా వింటాను, కానీ ఆ వరుసను మాత్రం తారుమారు చేయను.

పాత పాస్టరు గారి కోసం మొదట్లో నేను ఒక్క వాక్యమే ప్రార్థించగలిగాను: "ప్రభువా, ఆయన్ని వెలుగులోకి తీసుకురా." అంతకుమించి ఆశీర్వాదపు మాటలు నాకు రాలేదు, నటించనూ లేదు. చాలా నెలలు అదే వాక్యం. తరువాత ఆయన పిల్లలు గుర్తుకొచ్చి వారి కోసం ప్రార్థించాను, అటు తరువాత ఎప్పుడో ఆయన కోసం కన్నీళ్లు వచ్చాయి. మీకు ఈ రాత్రి ఆ ఒక్క వాక్యం కూడా రాకపోతే, ఆయన పేరు చెప్పి మౌనంగా కూర్చోండి. ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు ఆత్మ ఉచ్చరింపశక్యం కాని మూలుగులతో విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26 చెబుతోంది.