కుక్కపిల్ల కాళ్లు వంకరపోతే ముందు కాల్షియం సిరప్ ఆపండి

ప్రశ్న: మాది ఆనందపురం మండలం. పూల తోట కాపలాకు జర్మన్ షెపర్డ్ పిల్లను తెచ్చాం. మూడు నెలలు నిండాయి, బరువు 11 కిలోలు. పెట్ షాపులో లూజుగా తూచి ఇచ్చిన ఫుడ్ రోజంతా గిన్నెలో ఉంచుతున్నాం. షాపు ఆయన చెప్పాడని కాల్షియం సిరప్ రెండు పూటలా పోస్తున్నాం. అయినా ముందు కాళ్లు పక్కకు తిరుగుతున్నాయి. కాల్షియం చాలడం లేదా? డోసు పెంచాలా? ఏ ఫుడ్ పెట్టాలి?
– ఒక రైతు, విశాఖపట్నం జిల్లా

జవాబు: చాలకపోవడం కాదు, ఎక్కువైందని నా అనుమానం. సిరప్ ఈ రోజే ఆపేయండి. ఎదిగిన కుక్క తనకు కావలసిన మేరకే కాల్షియం ఒంటికి పట్టించుకుంటుంది. ఐదారు నెలల లోపు పిల్లకు ఆ అదుపు ఉండదు, పోసినదాంట్లో చాలా భాగం ఒంట్లోకి పోతుంది. పెద్ద జాతి పిల్లల్లో దీనివల్లే ఎముకల ఎదుగుదల గతి తప్పుతుంది. రోజంతా గిన్నె నిండా ఫుడ్ ఉంచడం రెండో తప్పు. పిల్ల గబగబా బరువెక్కితే ఆ భారమంతా లేత ఎముకల మీదే. వట్టి అన్నం, బోన్‌లెస్ చికెన్ మాత్రమే తినే కుక్కపిల్లలకు కాల్షియం నిజంగానే తగ్గుతుంది. మీదీ అదేనా కాదా అన్నది ఎక్స్‌రే తేలుస్తుంది. ఈ వారంలోనే తీయించండి, ఆలస్యమైతే వంకర సరిచేయడం కష్టం. అంతవరకు నున్నటి టైల్స్ మీద పరుగెత్తనివ్వకండి.

ఫుడ్ సంగతి. సంచి మీద ‘లార్జ్ బ్రీడ్ పప్పీ’ అని ఉండాలి. ‘అడల్ట్’ అని ఉన్నది వద్దు. కాల్షియం 1 నుంచి 1.5 శాతం, ప్రోటీన్ 24 నుంచి 28 శాతం ఉన్నది చూడండి. కాల్షియం ఎంతో రాయని సంచి కొనకండి. రోజుకు సుమారు 300 గ్రాములతో మొదలుపెట్టి మూడు పూటలుగా పెట్టండి. 20 నిమిషాల తర్వాత గిన్నె తీసేయాలి. వారానికోసారి తూచండి. పక్కటెముకలు చేతికి సులువుగా తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనబడాలి. అలా లేకపోతే పదో వంతు తగ్గించండి. 6 నెలలు దాటాక రెండు పూటలు చాలు. ఏడాది నిండేవరకైనా ఇదే ఫుడ్. కొత్తది మొదటి 2 రోజులు పావు వంతు, తర్వాత 2 రోజులు సగం, ఆ తర్వాత 2 రోజులు ముప్పావు కలిపి, ఏడో రోజు నుంచి పూర్తిగా పెట్టండి. పాతదానికి బూజు వాసన ఉంటే మాత్రం కలపకుండా పారేయండి.

అసలు లూజు ఫుడ్ ఎందుకు కొన్నారు? అది పప్పీదో అడల్ట్‌దో, ఎప్పుడు తయారైందో మీకు తెలియదు. విశాఖ తేమకు తెరిచిన సంచిలో బూజు పట్టడం ఎంతసేపు? బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. సీలు ఉన్న చిన్న సంచి కొనండి. రోజుకు 300 గ్రాముల లెక్కన 3 కిలోలు 10 రోజులు వస్తుంది. చవకని 20 కిలోల సంచి తెస్తే రెండు నెలలు నిల్వ ఉంటుంది, అదీ వద్దు. సంచితో సహా బిగుతు మూత డబ్బాలో పెట్టండి.

పురుగుమందుల కొట్టులో అడిగి తోటకు మందు కొట్టే అలవాటు ఇప్పుడు కుక్కల దాకా వచ్చింది. కాళ్లు పట్టుకుని చూడకుండా సిరప్ డోసు చెప్పే షాపు ఆయన మాట వినకండి.

ఎక్స్‌రేకి వెళ్లినప్పుడే రేబిస్ టీకా వేయించండి, మూడు నెలలు నిండాయి కదా. పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులు రాకుండా వేసే టీకా 16 వారాలు వచ్చేదాకా 3-4 వారాలకోసారి పడాలి. నట్టల మందు 6 నెలల వరకు నెలనెలా, ఆ రోజు బరువును బట్టి.