షిప్పర్‌బాటమ్, షఫుల్‌బాటమ్ ఒకే ఇంటిపేరు

ఇంగ్లండ్‌లోని పూర్వీకుల గురించి వెతుకుతుంటే బాప్టిజం రికార్డులో షిప్పర్‌బాటమ్, పెళ్లి రికార్డులో షఫుల్‌బాటమ్ అని ఉంటే వేరే కుటుంబమా అని అడిగారు. స్పెల్లింగ్ చూసి టెన్షన్ పడకండి, రెండూ ఒకే ఇంటిపేరు. మన ఇంటిపేర్లలో చాలావాటిలాగే ఇదీ ఊరిపేరు నుంచి వచ్చిందే: ఇంగ్లండ్‌లోని పాత లంకషైర్ కౌంటీలో బరీ ఊరి దగ్గరి షిప్పర్‌బాటమ్. గొర్రెలను కడిగే లోయ అని దానికి అర్థం చెబుతారు. చదువురానివాళ్లు పేరు నోటితో చెబితే, చర్చిలో రాసేవాళ్లు తమకు వినబడినట్టు రాసుకున్నారు. అందుకే షఫుల్‌బోథమ్ కూడా కనిపిస్తుంది, దాన్నీ వదలొద్దు. ఈ పేరువాళ్లు ఎక్కువగా లంకషైర్, చెషైర్, స్టాఫర్డ్‌షైర్ వైపే.

అయితే ఇంటిపేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టు కాదు. 1837 జులై నుంచి పెళ్లి రికార్డులో తండ్రి పేరు, వృత్తి రాసేవారు. 1813 నుంచి బాప్టిజం రిజిస్టరులోనూ తండ్రి వృత్తి, నివాసం ఉంటాయి. ముందు ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.