మొదటి పెళ్లి దాచి చేసిన లగ్గాన్ని వరంగల్ కోర్టులో రద్దు చేయించుకోవచ్చా?

చెల్లె, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. పెళ్లయి ఐదు నెలలు, అతనికి ముందే ఒక పెళ్లయి విడాకులైన సంగతి దాచారు, తెలిసిన వారంలోనే హసన్‌పర్తిలో మీ అమ్మగారింటికి వచ్చేశావు, పెద్దమనుషులేమో "ఏడాది ఆగండి, ఇద్దరూ సంతకాలు పెట్టి విడాకులు తీసుకోవచ్చు" అంటున్నారు, నువ్వేమో విడాకులు కాదు, అసలు ఈ పెళ్లే చెల్లదని కోర్టుతో అనిపించుకోవచ్చా అని అడుగుతున్నావు. అనిపించుకోవచ్చు. నాది దాదాపు ఇదే కేసు, హనుమకొండ అదాలత్ దగ్గరి కోర్టులోనే నడిచింది, రద్దు ఆర్డర్ వచ్చింది. కానీ ఆ ఏడాది ఆగమన్న మాట మాత్రం వినకు. నీకున్న దారి మూసుకుపోయేది ఆ ఏడాదితోనే.

హిందూ వివాహ చట్టం 1955లో విడాకులది ఒక లెక్క, రద్దుది ఇంకో లెక్క. విడాకులకైతే 14వ సెక్షన్ ప్రకారం పెళ్లయిన ఏడాది లోపు మామూలుగా పిటిషన్ తీసుకోరు, మరీ భరించలేని కష్టం ఉంటే కోర్టు ప్రత్యేకంగా అనుమతించాలి. ఊళ్లో అందరి నోటా వినపడే ఏడాది ఇదే. రద్దుకు ఆ అడ్డు లేదు, పైగా గడియారం ఎదురు తిరుగుతుంది: 12వ సెక్షన్ కింద మోసం చేసి పెళ్లికి ఒప్పించారని వేయాలంటే, మోసం బయటపడ్డ రోజు నుంచి ఏడాది లోపే వేయాలి. ఇంకో షరతు కూడా ఉంది, సంగతి తెలిశాక నీ ఇష్టంతో అతని దగ్గర భార్యగా ఉండి ఉండకూడదు. తెలియక ముందు కాపురం చేశావా లేదా అన్నది దీనికి అడ్డం కాదు. "కాపురం చేశాక ఇంక రద్దేంది" అని నన్ను చాలామంది అన్నారు, అందులో ఒక వకీలు గుమాస్తా కూడా ఉన్నాడు. అది తప్పు.

పెద్దమనుషులు చెడ్డవాళ్లని నేననను. మా పంచాయితీలో కూర్చున్నవాళ్లలో ఇద్దరు నిజంగానే నా మంచి కోరినవాళ్లు. కానీ పంచాయితీకి తొందర ఉండదు. ఒకసారి అటువాళ్లు రారు, ఇంకోసారి వాళ్ల బావ ఊళ్లో లేడంటారు, మధ్యలో ఎవరింట్లోనో చావు, ఆ తర్వాత శ్రావణమాసం, ఇట్లా నెలలు పోతాయి. అన్నిటికంటే ప్రమాదం "ఒక్క నెల వెళ్లి ఉండి చూడు బిడ్డా" అన్న మాట. వెళ్లి ఉంటే అంతా తెలిసే సర్దుకుంది, ఒప్పుకుంది అని రేపు వాళ్ల వకీలు చెప్తాడు, చట్టం కూడా అటే మొగ్గుతుంది. మా మేనమామ మొండిమనిషి, "పంచాయితీ దారి పంచాయితీదే, కోర్టు దారి కోర్టుదే, రెండూ నడవనీ" అన్నాడు. మేం చేసింది అదే. నీకూ అదే చెప్తున్నా.

ఇప్పుడు తేదీ సంగతి. ఏడాది అనేది తెలిసిన రోజు నుంచి కాబట్టి ఎప్పుడు తెలిసిందన్నది నువ్వే చూపించాలి. నాకు సద్దుల బతుకమ్మ రోజు తెలిసింది. వాళ్ల వాడలో ఆడుతుంటే పక్కింటామె ఎవరితోనో "మొదటి కోడలు కూడా మంచిగనే ఆడేది" అంది. ఆ రాత్రే అన్నయ్యకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను, ఆ మెసేజే తర్వాత కోర్టులో నా తేదీకి సాక్ష్యం. నీ దగ్గర కూడా ఏదో ఒకటి ఉంటుంది, ఆ రోజు అమ్మకు చేసిన కాల్, ఇంటికొచ్చిన బస్సు టికెట్, చెల్లెలికి పెట్టిన వాయిస్. దేన్నీ చెరపకు. ఫోన్ మార్చినా పాతది అమ్మకుండా దాచిపెట్టు, ఎందుకంటే మెసేజ్‌లు ఊరికే ప్రింట్ తీసి ఇస్తే చెల్లవు, 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. ఇంతకు ముందు 65బి అనేవాళ్లు, కోర్టులో చాలామంది ఇప్పటికీ అదే పేరుతో పిలుస్తారు.

పిటిషన్ రాయించే ముందు ఒకటి తేల్చుకో, అతని మొదటి విడాకులు నిజంగా అయ్యాయా? అయ్యాయని వాళ్లు నోటితో చెప్తే సరిపోదు. కోర్టు కేసుల వివరాలు చూపించే ఈకోర్ట్స్ యాప్‌లో పేరు కొట్టి వెతికితే కేసు నంబరు, అది ఏ రోజు ముగిసిందో దొరికే అవకాశం ఉంది, మాకు అట్లనే దొరికింది. డిక్రీ, అంటే కోర్టు తుది ఉత్తర్వు, దాని కాపీ మాత్రం బయటివాళ్లకు తేలిగ్గా ఇవ్వరు, మా వకీలు మన కోర్టులోనే ఇంకో పిటిషన్ వేసి ఆ రికార్డు తెప్పించాడు. ఇది ఎందుకంటే, నీ పెళ్లినాటికి మొదటి పెళ్లి ఇంకా చట్టం దృష్టిలో బతికే ఉంటే నీది 12 కాదు, 11వ సెక్షన్. ఆ పెళ్లి మొదటి రోజు నుంచే చెల్లదు, ఏడాది గడువు కూడా ఉండదు, అతని మీద క్రిమినల్ కేసు వేరే అవుతుంది, పాత ఐపీసీలో 494వ సెక్షన్, కొత్త న్యాయ సంహితలో 82. విడాకులు అయ్యే ఉంటే మాత్రం నీ కేసంతా దాచడం మీదే నిలబడాలి.

దాచింది ఏదైనా సరిపోతుందా అంటే కాదు. చట్టంలో ఉన్నది అవతలి మనిషికి సంబంధించిన ముఖ్యమైన విషయంలో మోసం అని, ఆ మాట 1976 సవరణతో వచ్చింది. ముందు పెళ్లి, తీవ్రమైన జబ్బు లాంటివి దాచితే బలమైన కేసు. జీతం యాభై వేలన్నారు ముప్పై వేలే, పొలం ఐదెకరాలన్నారు రెండే, ఇట్లాంటివాటితో రద్దు రావడం కష్టం. మనవైపు పెళ్లిచూపుల్లో అబద్ధం ఆడని ఇల్లు ఎన్ని ఉంటాయి, వాటన్నిటికీ కోర్టు పెళ్లిళ్లు రద్దు చేస్తూ కూర్చోదు కదా.

ఎక్కడ వేయాలన్నావు. మీ పెళ్లి హుజూరాబాద్ ఫంక్షన్ హాల్లో, అత్తగారిది కరీంనగర్, అయినా 2003 నుంచి భార్య తానుంటున్న చోటి కోర్టులోనే వేసుకోవచ్చు, కాబట్టి నీకు హనుమకొండ ఫ్యామిలీ కోర్టు చాలు. ఆధార్‌లో చిరునామా మార్చి ఉంటే అమ్మగారింటి చిరునామాకు వేరే ఏదైనా రుజువు పెట్టుకో. పెళ్లి రిజిస్టర్ కాలేదని భయపడ్డావు, అవసరం లేదు, శుభలేఖ, ఫోటోలు, ఫంక్షన్ హాల్ రసీదు ఉంటే సరిపోతుంది.

వకీలు ఫీజుకు టెన్షన్ పడకు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది. కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, న్యాయ సేవా సదన్ అంటారు, వెళ్లి దరఖాస్తు ఇస్తే చాలు. ఫోన్ అయితే 15100. నేను మొదట ప్రైవేటు వకీలు దగ్గరికే వెళ్లాను, ఆయన నా మాట పూర్తిగా వినకుండానే విడాకులు, 498ఏ అనే అత్తింటి వేధింపుల కేసు, మెయింటెనెన్స్, గృహహింస అన్నీ కలిపి ఒక ప్యాకేజీ చెప్పాడు. నన్ను ఎవరూ కొట్టలేదు, కట్నం కోసం వేధించలేదు, లేనిది ఎందుకు రాయాలి? వచ్చేశాను. నీ విషయంలో అట్లాంటివి నిజంగా జరిగి ఉంటే వేరే మాట, అప్పుడు కేసులు పెట్టాల్సిందే. కానీ బెదిరించడానికి పెట్టే కేసు అసలు కేసును కూడా లాగి లాగి పొడుగు చేస్తుందని నా అభిప్రాయం.

పిటిషన్ వేశాక అటువాళ్లకు నోటీసు వెళ్తుంది, వాళ్లు కౌంటర్, అంటే రాతపూర్వక జవాబు వేస్తారు, మధ్యలో కౌన్సెలింగ్ ఉంటుంది. ఫ్యామిలీ కోర్టు ముందు రాజీకి ప్రయత్నించాలని చట్టమే చెప్తుంది కాబట్టి అది తప్పదు, కౌన్సెలర్ మెత్తగా అడిగినా పిటిషన్‌లో ఉన్నదే చెప్పు. తర్వాత నీ చీఫ్ అఫిడవిట్, అంటే నీ సాక్ష్యం రాసి ఇవ్వడం, ఆ తర్వాత క్రాస్, అంటే వాళ్ల వకీలు నిన్ను ప్రశ్నలడగడం. క్రాస్‌లో వాళ్లు పట్టుకునేది ఒక్కటే, "మీకు ముందే తెలుసు, మధ్యవర్తి చెప్పాడు, తెలిసే చేసుకున్నారు" అని. మా మధ్యవర్తి అయితే పెళ్లిలో ఇద్దరి దగ్గరా నోట్ల కట్టలు తీసుకున్న మనిషి, కోర్టుకు రమ్మంటే "నాకేం తెల్వదమ్మా, నేను రెండు ఇళ్లు కలిపిన అంతే" అన్నాడు. మమ్మల్ని నిలబెట్టింది వాళ్లు పంపిన బయోడేటా, అందులో అవివాహితుడు అని రాసి ఉంది. నీకు పంపింది కూడా వెతుకు. అది మ్యాట్రిమోనీ ప్రొఫైల్ అయితే ఈ రోజే స్క్రీన్‌షాట్లు తీసిపెట్టు, రేపు ఉండకపోవచ్చు.

విచారణ తలుపులు మూసి జరుగుతుంది, 22వ సెక్షన్, కాబట్టి ఊరివాళ్లంతా వింటారన్న భయం అక్కర్లేదు. అతను కోర్టుకు రాకపోయినా నీ దగ్గర రుజువు అడుగుతారు, ఇద్దరూ మాట్లాడుకుని ఒప్పుకున్నా అడుగుతారు, ఎందుకంటే కుమ్మక్కై రద్దు తెచ్చుకోవడం కుదరదు. ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలో రాసి ఉంది. రాసి ఉంది. నాకైతే కేసు నడుస్తుండగానే ఇంకో బతుకమ్మ కూడా దాటిపోయింది, వాయిదా రోజు జడ్జి సెలవు, వకీళ్ల బహిష్కరణ, అటువాళ్ల వకీలు ఇంకో కోర్టులో ఉన్నానని కబురు, ఇవన్నీ లెక్కలో వేసుకో. ఉద్యోగం చేస్తున్నావు కాబట్టి సెలవులు దాచుకో.

రద్దు అయితే భరణం రాదని మీ బాబాయి అన్నాడని రాశావు. కేసు నడిచేటప్పుడు హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం అడగొచ్చు, పెళ్లి చెల్లదని తేలినా 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం అడగొచ్చని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఎంత ఇవ్వాలి, అసలు ఇవ్వాలా అన్నది జడ్జి చూస్తారు. నేను అడగలేదు, నాకు జీతం ఉంది, తొందరగా బయటపడటమే కావాలనుకున్నాను, అది నా లెక్క. కట్నం డబ్బులు, మీవాళ్లు పెట్టిన బంగారం మాత్రం వదలకు, బిల్లులతో లిస్టు రాసి పిటిషన్‌లోనే అడుగు.

ఆర్డర్ వచ్చిన రోజే కాపీకి దరఖాస్తు పెట్టుకో. అప్పీలు గడువు ఫ్యామిలీ కోర్టు చట్టంలో 30 రోజులు, హిందూ వివాహ చట్టంలో 90 రోజులు, రెండింటిలో ఏది అన్నదానికి వాదన ఉంది కాబట్టి కొత్త సంబంధం మాట 90 రోజులు దాటాకే. నీది హిందూ పెళ్లి కాబట్టి ఇదంతా చెప్పాను, రిజిస్టర్ ఆఫీసులో స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద చేసుకున్నవాళ్లకు, క్రైస్తవులకు సెక్షన్లు వేరు.

చివర్లో పుస్తెల గురించి అడిగావు. చట్టం లెక్కలో నీకు పెట్టినవన్నీ నీవే, అత్తగారివైపు పుస్తె అయినా సరే. మేం మాత్రం వాళ్లు పెట్టిన పుస్తె, మెట్టెలు, రెండు చీరలు తిరిగి ఇచ్చేశాం, ఆర్డర్ వచ్చాక, వకీలు ఆఫీసులో, తూకం వేయించి, అందినట్టు కాగితం రాయించుకుని ఇద్దరు సాక్షుల సంతకాలతో. నువ్వు ఇవ్వాలనుకున్నా కేసు అయ్యేదాకా ఇవ్వకు, పంచాయితీలో ఎవరి చేతికీ అసలే ఇవ్వకు.