వెబ్‌సైట్ బిల్డరుతోనే మొదలుపెట్టండి, బోర్డు మాత్రం మీ పేరు మీదే ఉంచుకోండి

ఇంట్లో రెండు మగ్గాలున్నాయని, నెలకు ఇరవై లోపు నారాయణపేట చీరలు నేస్తామని, ఇకపై షావుకారుకు వేయకుండా ఆన్‌లైన్‌లో సొంతంగా అమ్మాలనుకుంటున్నామని రాశారు. షాపిఫై, విక్స్ లాంటి బిల్డరు, అంటే నెల అద్దె కట్టి మనమే ఆన్‌లైన్ దుకాణం పెట్టుకునేలా అన్నీ ఒకేచోట ఇచ్చే సేవ, కొత్తవాళ్లకు సరిపోతుందా, లేక బంధువుల అబ్బాయి అడుగుతున్న 40 వేలు ఇచ్చి విడిగా వెబ్‌సైట్ చేయించుకోవాలా అన్నది మీ ప్రశ్న.

బిల్డరే చాలు. ఆ 40 వేలు నూలుకు, జరీకి పెట్టండి. ఎందుకంటే నేను ఈ రెండు దారుల్లోనూ నడిచి, రెండు చోట్లా దెబ్బలు తిన్నాను.

మాది చండూరు వైపు నేత కుటుంబం. నాన్న నల్లగొండలో చిన్న బట్టల దుకాణం నడిపేవారు. నేను 2018లో ఇక్కత్ చీరలు, దుపట్టాలు ఆన్‌లైన్‌లో పెట్టాలనుకున్నప్పుడు, తెలిసిన కుర్రాడు వర్డ్‌ప్రెస్ అనే వెబ్‌సైట్ సాఫ్ట్‌వేరుకు వూకామర్స్ అనే దుకాణం భాగాన్ని జోడించి సైటు చేసి ఇచ్చాడు. రెండూ ఉచితంగా దొరికే మంచి పనిముట్లే, వాటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అయితే హోస్టింగు (సైటు ఉండే అద్దె కంప్యూటరు), అప్‌డేట్లు, బ్యాకప్‌లు ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. ఒకసారి సైటుకు తగిలించిన ఏదో అదనపు భాగం (ప్లగిన్) అప్‌డేట్ కాగానే డబ్బు కట్టే పేజీ తెరుచుకోవడం మానేసింది. ఆ సంగతి నాకు పదకొండు రోజుల తర్వాత తెలిసింది, అదీ ఖమ్మం నుంచి ఒకావిడ ఫోన్ చేసి ‘దుకాణం ఎత్తేశారా?’ అని అడిగితే! కుర్రాడికి అప్పటికే హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, ఆదివారాలు మాత్రమే చూడగలనన్నాడు. అతన్ని తప్పుపట్టలేను. అసలు తెలివితక్కువ పని నాది. డొమైన్ పేరును, అంటే సైటు చిరునామాను, అతని ఈమెయిలుతో, అతని పేరు మీదే కొనిపించాను. దాన్ని నా పేరు మీదికి తెచ్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

షాపిఫై పుట్టిన కథ ఇక్కడ చెప్పాలి. కెనడాలో టోబీ లుట్కే అనే ఆయన 2004లో మంచు మీద జారే బోర్డులు ఆన్‌లైన్‌లో అమ్మాలనుకున్నాడు. ఉన్న సాఫ్ట్‌వేర్లు నచ్చక దుకాణం సాఫ్ట్‌వేరును తానే రాసుకున్నాడు. చివరికి బోర్డులు పక్కకు పోయాయి, 2006 నుంచి ఆ సాఫ్ట్‌వేరే వ్యాపారమైంది. ఆయనకు కలిసొచ్చింది. మనం సైటు మరమ్మతులకు కూర్చుంటే మాత్రం మగ్గం ఖాళీగా ఉంటుంది, అంతే.

2020 లాక్‌డౌన్‌లో బిల్డరుకు మారాను. మూడు సాయంత్రాల్లో దుకాణం నిలబడింది. చేనేతకు దానివల్ల కలిగే పెద్ద లాభాన్ని ప్రకటనల్లో ఎవరూ చెప్పరు. మన దగ్గర ఒక్కో చీర ఒక్కటే ఉంటుంది. పాత సైటులో ఉన్న ఒక తేలియా రుమాల్ (నూనె పట్టించిన నూలుతో నేసే ఇక్కత్) దుపట్టాను రాత్రి వాట్సాప్‌లో మా మేనత్త తోటికోడలికి అమ్మాను. జాబితాలోంచి తీయడం మరిచి పడుకున్నాను. తెల్లవారేసరికి పుణె నుంచి ఒకరు దానికే డబ్బు కట్టి ఉన్నారు. అలాంటిదే మళ్లీ నేయించడానికి నూలును నూనెలో నానబెట్టే దగ్గరి నుంచి మొదలుపెట్టాలి. క్షమాపణ చెప్పి డబ్బు వెనక్కి పంపాను, ఆవిడ మళ్లీ మా వైపు చూడలేదు. బిల్డరులో ప్రతి చీరకు ‘నిల్వ 1’ అని పెడితే, అమ్ముడవగానే అదే ‘అయిపోయింది’ అని చూపిస్తుంది. ఫోనులో అమ్మినా ఫోనులోనే ఆ అంకెను సున్నా చేసేయవచ్చు.

ఇక ఖర్చు. నెలవారీ అద్దె అందరికీ కనబడుతుంది, కోతలే కనబడవు. కొన్నవాళ్లు కట్టిన డబ్బును మన ఖాతాకు చేర్చే చెల్లింపుల గేట్‌వే సుమారు 2 శాతం తీసుకుంటుంది, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. షాపిఫై సొంత చెల్లింపుల సేవ మన దేశంలో లేదు కాబట్టి బయటి గేట్‌వే వాడాలి. అలా వాడినందుకు, నేను చూసినప్పటి లెక్కలో, ప్రాథమిక ప్లానులో షాపిఫై మరో 2 శాతం తీసుకునేది. 6,000 రూపాయల పట్టు చీర మీద గేట్‌వేకు 141 రూపాయల 60 పైసలు, షాపిఫైకి 120 రూపాయలు, వెరసి దాదాపు 262 పోతాయి. ఈ లెక్క ముందే ధరలో కలుపుకోండి. వాట్సాప్‌లో అడిగి నేరుగా మీ బ్యాంకు ఖాతాకు యూపీఐలో కట్టేవాళ్ల దగ్గర ఈ కోత ఉండదు. అందుకే తెలిసినవాళ్లను బలవంతంగా సైటు మీదికి తోలకండి. అది మీ ముఖం తెలియనివాళ్ల కోసం.

రెండో దెబ్బ బిల్డరు దగ్గర తగిలింది. కార్డుల నుంచి డబ్బు దానంతట అదే కోసుకునే పద్ధతికి రిజర్వ్ బ్యాంకు కొత్త నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. విదేశీ కంపెనీ కాబట్టి నా నెల అద్దె డాలర్లలో పోయేది, ఆ నెల పోలేదు. హెచ్చరిక ఈమెయిళ్లు వచ్చాయట, నేను చూడలేదు. సరిగ్గా బతుకమ్మ వారంలో నా దుకాణం మీద ‘అందుబాటులో లేదు’ అని పడింది. సహాయానికి రాస్తే రెండు రోజులకు జవాబు వచ్చింది, అదీ మన అర్ధరాత్రి. చీరలు అమ్ముకునేవాళ్లకు ఆ వారం పోతే ఏం పోయినట్టో మీకు నేను చెప్పనక్కరలేదు. రూపాయల్లో బిల్లు వేసేవాళ్లను చూసుకోండి, అద్దె గడువును గోడ క్యాలెండరు మీద రాసుకోండి.

నాన్న దుకాణం ముప్పై ఏళ్లలో మూడు మడిగెలు మారింది. ప్రతిసారీ ఆయన ముందుగా విప్పించింది రేకు బోర్డును, చంకలో పెట్టుకున్నది ఖాతా పుస్తకాన్ని. గోడలకు వేయించిన రంగులు, చెక్క అలమరలు వదిలేశారు. బిల్డరు కూడా అద్దె మడిగెనే. విక్స్‌లో కట్టిన సైటును ఉన్నది ఉన్నట్టుగా మరో చోటికి మోసుకుపోలేరు. షాపిఫైలోనూ అలంకరణ అక్కడే ఉండిపోతుంది, వస్తువుల జాబితా మాత్రం ఫైలుగా దించుకోవచ్చు. మీ బోర్డు డొమైన్ పేరు. దాన్ని విడిగా, మీ పేరుతో, మీ ఈమెయిలుతో, మీ ఫోను నంబరుతో కొనండి. ఏడాదికి వెయ్యి రూపాయల దరిదాపుల్లో వస్తుంది. ఖాతా పుస్తకం అంటే కొన్నవాళ్ల పేర్లు, నంబర్లు, చీరల జాబితా, అసలు ఫొటోలు. నెలకొకసారి దించి మీ దగ్గర పెట్టుకోండి. ఇవి చేతిలో ఉంటే ఏ బిల్డరు ఎంచుకున్నారన్నది పెద్ద విషయం కాదు, నచ్చకపోతే ఖాళీ చేస్తారు. అందుకే ఏడాది ప్లాను చవకగా కనబడినా మొదటి మూడు నెలలు నెలవారీగానే కట్టండి.

‘అన్నీ ఒకేచోట’ అంటారు గానీ కొనేవాళ్లు ఆ చోట ఉండరు. నా మొదటి ఇరవై ఆర్డర్లలో పద్నాలుగు మా కుటుంబం, స్నేహితుల వాట్సాప్ గ్రూపుల నుంచే వచ్చాయి. రంగు విషయంలో కూడా బిల్డరు ఏమీ చేయలేదు. ట్యూబులైటు కింద తీసిన మెరూన్ చీర అవతలివాళ్ల ఇంట్లో ఇటుక రంగులోకి మారుతుంది, చీర వెనక్కి వస్తుంది. ఉదయం తొమ్మిదికి వసారాలో, నీడలో తీయండి. అంచు, కొంగు, జాకెట్టు ముక్క విడివిడిగా చూపించండి.

జీఎస్టీ గురించి ఒక మాట. మీకు రాయచూరు పక్క ఊరే కావచ్చు, కానీ అక్కడికి అమ్మితే అది వేరే రాష్ట్రానికి అమ్మడమే. రాష్ట్రం దాటితే రిజిస్ట్రేషన్ నిబంధనలు మారతాయి. చేతివృత్తుల వస్తువులకు 20 లక్షల టర్నోవరు వరకు కొంత మినహాయింపు ఉంది. అది మీకు వర్తిస్తుందో లేదో మొదటి పార్సిల్ పంపకముందే ఆడిటరును అడగండి.

దుకాణం తెరిచానని నలుగురికీ చెప్పే ముందు, ఇంట్లో అందరికంటే పాత ఫోను తీసుకుని మీరే ఒక చీర కొని చూడండి. నేను మా అక్క ఫోనుతో అలా చేస్తే 1,800 రూపాయల నూలు చీరకు కొరియర్ ఖర్చు వేలల్లో చూపించింది. బరువు గడిలో 650 అని సరిగ్గానే కొట్టాను, పక్కనున్న గడిలో గ్రాములకు బదులు కిలోలు ఉండిపోయాయి.