స్టూడియోకి స్థలం ఇస్తారు సరే, పని నేర్పేదెవరు?

"ప్రభుత్వం సినిమా స్టూడియోలకు భూములు, రాయితీలు ఇస్తే మామూలు కుర్రాళ్లకు పనులు దొరుకుతాయా?" అని అడిగారు. దొరుకుతాయి. నాకు అలాగే దొరికింది. ఎలాగో వినండి.

మా ఊరి బావ ఒకాయన తీసుకొచ్చి లైటింగులో హెల్పర్‌గా పడేశాడు. మొదటి రోజు షాట్ రెడీ అవుతుంటే కెమెరామన్ గారు "కట్టర్ తేరా" అని కేకేశారు. పరుగెత్తుకెళ్లి ఎలక్ట్రీషియన్ పెట్టెలోంచి కటింగ్ ప్లేయర్ తెచ్చి రెండు చేతులా అందించాను. సెట్టంతా ఘొల్లుమంది. కట్టర్ అంటే లైటుకి అడ్డంపెట్టే నల్లగుడ్డ చట్రమని నాకెవరు చెప్పారు? మర్నాడు ఒట్టి చేత్తో హాలోజన్ బల్బు బిగించాను. వేళ్ల జిడ్డు అంటితే వేడికి పగులుతుందని రోజువారీ బత్తాలో కోత పడ్డాకే తెలిసింది.

ఆ మధ్యాహ్నం ఒక పెద్దాయన సాంబారు గిన్నె మూతని ఎండలో పట్టుకుని చూపించాడు. "చూడు, నేలకి దగ్గరగా ఉంటే నీడ గీత గీసినట్టుంటుంది, పైకెత్తితే అంచు మెత్తబడుతుంది. కట్టరూ అంతే." ఇన్నేళ్లలో నాకు జరిగిన క్లాసు అదొక్కటే.

మద్రాసు నుంచి తెలుగు సినిమాని హైదరాబాదుకి రప్పించడానికి ప్రభుత్వాలు చాలానే చేశాయి, కాదనను. బంజారాహిల్స్ రాళ్ల మధ్య 1976లో అన్నపూర్ణ స్టూడియో వచ్చింది. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చింది. కార్మికుల ఇళ్లకు చిత్రపురి కాలనీ స్థలమూ ఇచ్చారు. కానీ "రాయితీ తీసుకుంటున్నావు కదా, ఏడాదికి ఎంతమందికి పని నేర్పుతావు?" అని అడిగినట్టు మాత్రం నేనెప్పుడూ వినలేదు. సినిమా కాలేజీలు ఉన్నాయి గానీ అక్కడ చేరేవాళ్లందరికీ డైరెక్టర్లే కావాలి. కేబుల్ ఎవరు లాగుతారు?

అమెరికాలో జార్జియా సంగతి మా మేనల్లుడు అట్లాంటా నుంచి చెప్పాడు. అక్కడ ఖర్చు పెట్టిన దాంట్లో 20 శాతం పన్ను రాయితీ. సినిమా చివర రాష్ట్రం పీచ్ పండు బొమ్మ వేస్తే ఇంకో 10. మనవాళ్లు ఇంతవరకే చదివి "అబ్బో" అంటారు. పనివాళ్లు చాలడం లేదని వాళ్లే 2015లో ఒక ఫిల్మ్ అకాడమీ పెట్టి, సెట్లమీదికి పంపి మరీ నేర్పిస్తున్నారు. అసలు కిటుకు అదీ!

2025 ఆగస్టులో 30 శాతం కూలి పెంచమని మేం 18 రోజులు సమ్మె చేస్తే, "ఇక్కడివాళ్లకు నైపుణ్యం లేదు" అన్న మాట కూడా నిర్మాతల వైపు నుంచి పడ్డాం. నేర్పకుండా ఎక్కణ్నుంచి వస్తుందండీ? ఆ మాటలు విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

ఇంతకీ మీరు రావాలనుకుంటే రండి. యూనియన్ కార్డుకి ఎంత కట్టాలో ముందే కనుక్కోండి, అప్పు చేయాల్సి రావచ్చు. గ్లౌజులు మీరే తెచ్చుకోండి, అక్కడ ఇవ్వరు.