పబ్‌మెడ్‌లో క్వాలిటేటివ్ స్టడీలు దొరకడం లేదా? ముందు ఒక్క మంచి పేపర్ పట్టుకోండి

మీరు అడిగినది ఇదీ: విజయవాడలో ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో ఏడు చదువుతున్నారు. షుగర్ ఉన్నవాళ్ళు ఇన్సులిన్ మొదలుపెట్టమంటే ఎందుకు వెనకాడతారన్నది మీ టాపిక్. గైడ్ గారు క్వాలిటేటివ్ స్టడీలు, అంటే అంకెలు కాకుండా మనుషుల మాటలూ అనుభవాలూ చూసేవి, మాత్రమే తెమ్మన్నారు. వైద్య పరిశోధన పేపర్లను వెతికే పబ్‌మెడ్‌లో ఒకసారి వేలకు వేలు వస్తున్నాయి, ఒక పదం కలిపితే మూడే మిగులుతున్నాయి. ఆ మూడూ పనికొచ్చేవే, కానీ మిగతావి ఎక్కడున్నాయో తెలియడం లేదు.

నేను గుంటూరులో నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. 2018లో నా థీసిస్ కోసం ఇదే పని చేశాను. టీబీ మందులు మధ్యలో మానేసినవాళ్ళ గురించి నా టాపిక్. మీరిప్పుడు పడుతున్న అవస్థంతా నేను పడ్డాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

అప్పట్లో బ్రాడీపేటలో అద్దె గదిలో ఉండేదాన్ని. మొదటి రాత్రి సెర్చ్ పెట్టెలో ట్యుబర్‌క్యులోసిస్ ఆండ్ క్వాలిటేటివ్ అని కొట్టాను. ఎంతసేపు కిందికి జరుపుకుంటూ పోయినా కళ్ళె పరీక్షలు, పీసీఆర్ కిట్లు, ల్యాబ్ రిపోర్టులే. ల్యాబ్ వాళ్ళకి క్వాలిటేటివ్ అంటే పాజిటివా నెగటివా అని తేల్చే పరీక్ష. మనకేమో మనిషి చెప్పిన మాట. సరే కదా అని ఎక్స్‌పీరియన్స్ అని కొడితే, మా దగ్గర ఇన్ని కేసులకు ఈ ఆపరేషన్ చేశాం అని సర్జన్లు రాసినవి వచ్చాయి. క్లాసులో డేటా సాచురేషన్ (ఇంకెంతమందితో మాట్లాడినా కొత్త విషయం రాని దశ) గురించి చెప్పింది గుర్తొచ్చి సాచురేషన్ అని వేశాను. ఆక్సిజన్ సాచురేషన్ పేపర్లు వచ్చి పడ్డాయి. నేరేటివ్ అంటే నేరేటివ్ రివ్యూలు. ఫినామినాలజీ అంటే సైకియాట్రీలో లక్షణాల వర్ణన. మన పద్ధతుల పేర్లన్నీ వైద్యంలో వేరే అర్థాలతో అంతకుముందే వాడుకలో ఉన్నాయి. వేలల్లో రావడానికి కారణం అది.

మూడే మిగలడానికి కారణం వేరు. అప్పట్లో డేటా కోసం వెళ్ళినప్పుడు మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒకాయన నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది: "దగ్గు పోయాక మందెందుకమ్మా?" అది రాసుకున్నప్పుడు నాకు తట్టింది, పేపర్ రాస్తే టైటిల్ ఇదే పెట్టుకుంటానని. చాలామంది క్వాలిటేటివ్ పరిశోధకులు అదే పని చేస్తారు. రోగి మాటను కోట్స్‌లో పెట్టి టైటిల్ చేస్తారు. ఆ మాటలో జబ్బు పేరూ ఉండదు, క్వాలిటేటివ్ అన్న పదమూ ఉండదు. అబ్‌స్ట్రాక్ట్‌లో కూడా ఇరవై మందితో మాట్లాడాం, ఈ థీమ్స్ వచ్చాయి అని రాసి ఊరుకుంటారు. డ్రగ్ ట్రయల్ రాసేవాళ్ళు ర్యాండమైజ్డ్ అన్న పదాన్ని టైటిల్‌లోనే పెడతారు, మనవాళ్ళకి ఆ అలవాటు తక్కువ. అందుకే పద్ధతి పేరు ఒక్కదాన్ని నమ్ముకుంటే సగం పేపర్లు కంటికి కనపడకుండా పోతాయి.

ఇప్పుడు మీ దగ్గరున్న ఆ మూడు పేపర్లే మీ పెట్టుబడి అనుకోండి. ఒక్కోదాన్నీ పబ్‌మెడ్‌లో తెరిచి అడుగుదాకా వెళ్ళండి. అక్కడ మెష్ టర్మ్స్ అని ఉంటాయి, ఆ పేపర్ దేని గురించో చెప్పడానికి అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ తగిలించిన పదాలు. మీ టాపిక్‌లో డయాబెటిస్ మెలిటస్ టైప్ 2 పక్కన గీత పెట్టి సైకాలజీ అని కనిపించే అవకాశం ఎక్కువ. ఆ గీత పక్క పదాన్ని సబ్‌హెడింగ్ అంటారు. జబ్బు గురించి కాకుండా జబ్బుతో ఉన్న మనిషి మనసు గురించిన పేపర్ అని ఆ పదం చెబుతోందన్నమాట. ఇంకా పేషెంట్ యాక్సెప్టెన్స్ ఆఫ్ హెల్త్ కేర్, హెల్త్ నాలెడ్జ్ యాటిట్యూడ్స్ ప్రాక్టీస్, ఇంటర్వ్యూస్ యాజ్ టాపిక్, ఫోకస్ గ్రూప్స్ లాంటివి కనిపిస్తాయి. అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. పక్కనే టైటిల్‌లో, అబ్‌స్ట్రాక్ట్‌లో రచయితలు సొంతంగా వాడిన పదాలు కూడా ఇంకో వరుసలో రాయండి.

మీ టాపిక్‌లో ఒక పెద్ద చిక్కుంది. రోగి ఇన్సులిన్ వద్దనడాన్ని సైకలాజికల్ ఇన్సులిన్ రెసిస్టెన్స్ అని పిలుస్తారు. మీరు ఇన్సులిన్ రెసిస్టెన్స్ అని మాత్రమే కొడితే పబ్‌మెడ్ దాన్ని తనంతట తానే మెష్ పదంగా మార్చేసుకుని శరీరంలో ఇన్సులిన్ పనిచేయకపోవడం గురించిన పేపర్లన్నీ తెచ్చి పోస్తుంది. మీకు వేలల్లో వచ్చాయన్నారు కదా, ఇదే అయ్యుంటుందని నా అనుమానం. మూడు పదాలనూ కలిపి డబుల్ కోట్స్‌లో పెట్టండి. దాంతోపాటు రిలక్టెన్స్, రిఫ్యూజల్, బ్యారియర్స్, బిలీఫ్స్, ఫియర్, ఇనిషియేషన్, ఇవన్నీ ఇన్సులిన్ పక్కన ఎలా వాడారో ఆ మూడు పేపర్లలోనే చూసి తీసుకోండి.

పదాలు కాలంతో పాటు మారతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. నా టీబీ టాపిక్‌లో పాత పేపర్లన్నీ మందు మానేసినవాళ్ళని డిఫాల్టర్స్ అనేవి. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనాలు మార్చి లాస్ట్ టు ఫాలో అప్ అంది. నేను కొత్త పదంతోనే వెతికాను, దాంతో పాతవి చాలా వరకు పోయాయి. మెష్‌లో అయితే క్వాలిటేటివ్ రీసెర్చ్ అన్న పదమే 2003లో వచ్చింది. అంతకు ముందువి ఇంటర్వ్యూలు, ఫోకస్ గ్రూపులు, నర్సింగ్ మెథడాలజీ రీసెర్చ్ లాంటి పేర్ల కింద ఉంటాయి.

ఇక పేర్చడం. ఒకే అర్థం ఉన్న పదాలను ఆర్ (OR, ఏదో ఒకటి ఉన్నా చాలు) అన్న మాటతో కలిపి బ్రాకెట్లో పెట్టండి. అలా మీకు మూడు గంపలు వస్తాయి: షుగర్-ఇన్సులిన్ ఒకటి, వెనకాడటం-భయం-నమ్మకం ఒకటి, పద్ధతి ఒకటి. మూడిటినీ ఆండ్ (AND, అన్నీ ఉండాలి) అన్న మాటతో కలపండి. అయితే ఒకేసారి కాదు. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో ఒక్కో గంపనీ ఒక్కో లైనుగా నడిపి, అంకె చూసుకుని, తర్వాత లైన్లను కలపండి. ఎక్కడ అమాంతం పడిపోయిందో తెలిసిపోతుంది. మీరు ఒక పదం కలపగానే మూడుకి దిగిందన్నారే, ఆ పదం పద్ధతి గంపలో ఒంటరిగా ఉండి ఉంటుంది.

పద్ధతి గంపలో ఏం వెయ్యాలి? కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్ళు 2004లో దీని మీదే పనిచేసి, ఏ పదాలు పబ్‌మెడ్‌లో ప్రధాన భాగమైన మెడ్‌లైన్‌లో క్వాలిటేటివ్ స్టడీలను బాగా పడతాయో కొలిచారు. ఇంటర్వ్యూ, ఎక్స్‌పీరియన్స్, క్వాలిటేటివ్ అన్న మూడు మామూలు మాటలే వాళ్ళ లెక్కలో బాగా నిలబడ్డాయి. వీటికి థీమ్స్, ఫోకస్ గ్రూప్, ఇంకా గ్రౌండెడ్ థియరీ, ఎథ్నోగ్రఫీ అన్న క్వాలిటేటివ్ పద్ధతుల పేర్లు కలిపితే నర్సింగ్ టాపిక్‌కి చాలు. ఎక్స్‌పీరియన్స్ విడిగా చెత్త తెస్తుందని పైన నేనే చెప్పాను కదా అంటారేమో. మిగతా రెండు గంపలతో ఆండ్ అయినప్పుడు ఆ చెత్తలో చాలా భాగం రాలిపోతుంది. పదాల చివర నక్షత్రం గుర్తు పెడితే ఇంటర్వ్యూస్, ఇంటర్వ్యూడ్, ఇంటర్వ్యూయర్ అన్నీ వస్తాయి. పబ్‌మెడ్‌లో నక్షత్రానికి ముందు కనీసం నాలుగు అక్షరాలుండాలి, నక్షత్రం పెట్టిన పదానికి తనంతట తానే మెష్‌లోకి మారడం ఆగిపోతుంది. కాబట్టి మెష్ పదాన్ని విడిగా ఇంకో పక్క పెట్టాలి. ఫలానాది వద్దు అని చెప్పే నాట్ (NOT) మాత్రం ముట్టుకోకండి. నాట్ క్వాంటిటేటివ్ అని పెట్టి నేను అంకెలూ ఇంటర్వ్యూలూ రెండూ ఉండే మిక్స్‌డ్ మెథడ్స్ పేపర్లన్నీ పారేసుకున్నాను. వాటిలో ఇంటర్వ్యూ భాగమే నాకు కావలసింది.

మీ గైడ్ గారు స్పైడర్ ఫ్రేమ్‌వర్క్ వాడమన్నారని రాశారు. శాంపిల్, ఫినామినన్ ఆఫ్ ఇంటరెస్ట్, డిజైన్, ఇవాల్యుయేషన్, రీసెర్చ్ టైప్ అని, 2012లో క్వాలిటేటివ్ ప్రశ్నల కోసమే తయారైంది. ప్రశ్నని విడగొట్టుకోవడానికి బాగుంటుంది. కానీ ఐదు భాగాలనూ ఆండ్‌తో కట్టేస్తే వల మరీ చిన్నదైపోతుంది. 2014లో పీకోతో (ప్రశ్నని రోగి, చికిత్స, పోలిక, ఫలితం అని విడగొట్టే పద్ధతితో) పోల్చి చూసిన స్టడీలో కూడా స్పైడర్‌లో అనవసరమైనవి తక్కువ వచ్చాయి గానీ కావలసినవీ జారిపోయాయి. ఆలోచించడానికి స్పైడర్ పెట్టుకోండి, వెతకడానికి పైన చెప్పిన మూడు గంపలు చాలు.

పేర్చాక అసలు పరీక్ష చెయ్యాలి. మీ దగ్గర ముందే ఉన్న ఆ మూడు పేపర్లూ కొత్త జాబితాలో వచ్చాయా? రాకపోతే ఏ లైనులో జారిందో చూసి ఆ గంపలో పదం చేర్చండి. మళ్ళీ నడపండి. నేను పదకొండుసార్లు నడిపాను. చివరికి నాలుగు వందల పైచిలుకు టైటిళ్ళు వచ్చాయి, చదివితే ముప్పై లోపు మిగిలాయి. అది చూసి తప్పు చేశానేమోనని కంగారుపడ్డాను. తల్లిపాలకు ఇచ్చే సపోర్ట్ గురించి 2004లో ఇలాంటి వెతుకులాట చేసినవాళ్ళకి మూడు రకాల పద్ధతులూ కలిపి 7,420 వస్తే అందులో పనికొచ్చినవి 262. అది చదివాక నా మనసు కుదుటపడింది. క్వాలిటేటివ్ వెతుకులాటలో పొట్టు ఎక్కువే ఉంటుంది, చెరగాల్సిందే.

పబ్‌మెడ్ దగ్గరే ఆగిపోకండి. మన నర్సింగ్ వాళ్ళకి సినాల్ అన్న నర్సింగ్ డేటాబేస్ పుట్టిల్లు లాంటిది. అందులో క్వాలిటేటివ్ స్టడీస్ అన్న హెడింగ్ పబ్‌మెడ్ కంటే ముందు నుంచీ ఉంది. దాని కింద గ్రౌండెడ్ థియరీ, ఫినామినలాజికల్ రీసెర్చ్, ఎథ్నోగ్రఫీ విడివిడిగా ఉంటాయి. డబ్బు కట్టాల్సిన డేటాబేస్ అది. మీ కాలేజీకి వస్తుందో లేదో లైబ్రేరియన్ గారిని అడగండి. రాకపోతే ఉన్న కాలేజీలో తెలిసినవాళ్ళని బతిమాలి ఒక పూట కూర్చోండి. నేను అలాగే విజయవాడ బస్సెక్కి రెండు శనివారాలు వెళ్ళాను, పబ్‌మెడ్‌లో లేనివి తొమ్మిది దొరికాయి. సైకాలజీ డేటాబేస్ సైక్‌ఇన్ఫోలో అయితే మెథడాలజీ దగ్గర క్వాలిటేటివ్ స్టడీ అని టిక్ పెట్టుకునే వీలుంది. మన దేశంలో జరిగినవి కావాలంటే శోధ్‌గంగలో పీహెచ్‌డీ థీసిస్‌లు పూర్తిగా చదవచ్చు. జర్నళ్ళలోకి ఎక్కని మన ఊళ్ళ మాటలు అక్కడ కనిపిస్తాయి. ఫుల్ టెక్స్ట్ సంగతికొస్తే, 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అన్న కేంద్ర ప్రభుత్వ పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 మంది పబ్లిషర్ల జర్నళ్ళు అందుతున్నాయి. మీది ప్రభుత్వ కాలేజీ అయితే తప్పకుండా అడగండి.

అన్నిటికంటే నాకు ఎక్కువ ఇచ్చింది మాత్రం సెర్చ్ పెట్టె కాదు. ఒక మంచి పేపర్ చివర ఉన్న రిఫరెన్సులు చదవడం, ఆ పేపర్‌ని తర్వాత ఎవరు ఉదహరించారో గూగుల్ స్కాలర్‌లో సైటెడ్ బై నొక్కి చూడటం. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పెద్ద రివ్యూ చేసినవాళ్ళు తమకి పేపర్లు ఎలా దొరికాయో లెక్క చెప్పారు: ముందుగా రాసుకున్న సెర్చ్ ప్రకారం దొరికినవి 30 శాతం, రిఫరెన్సుల వెంట పోయి పట్టుకున్నవి 51 శాతం, తెలిసినవాళ్ళ ద్వారానో సొంత జ్ఞాపకం నుంచో వచ్చినవి 24 శాతం. కొన్ని రెండు దారుల్లోనూ దొరికాయి కాబట్టి మొత్తం నూరు దాటింది. వాళ్ళ టాపిక్ వేరు, కానీ నా అనుభవం అచ్చం ఇదే. పబ్‌మెడ్‌లో సిమిలర్ ఆర్టికల్స్ అన్నది కూడా ఇలాగే పనికొస్తుంది.

ఇంకొక్క మాట, ఇది నా కడుపుమంట. నేను నడిపిన సెర్చ్‌లు ఎక్కడా రాసిపెట్టుకోలేదు. థీసిస్ చూసిన ఎగ్జామినర్ గారు ఏ తేదీన వెతికారు, ఏ లైను వాడారు, ఎన్ని వచ్చాయి అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పబ్‌మెడ్ హిస్టరీ ఎనిమిది గంటలు వాడకపోతే చెరిగిపోతుందని అప్పుడే తెలిసింది. మూడు వారాలు కూర్చుని మళ్ళీ మొదటి నుంచి చేశాను. అలా చెయ్యడమే న్యాయం కూడా, ఎందుకంటే ఇంకొకరు నడిపి చూడలేని సెర్చ్‌ని నమ్మమని ఎవరినీ అడగలేం. మీరు ఈ రోజే పబ్‌మెడ్‌తో పాటు ఉచితంగా వచ్చే మై ఎన్‌సీబీఐ ఖాతా తెరిచి ప్రతి సెర్చ్‌నీ సేవ్ చెయ్యండి. కొత్త పేపర్ వచ్చినప్పుడు మెయిల్ కూడా వస్తుంది. దాంతోపాటు ఒక మామూలు నోట్‌బుక్కులో తేదీ, డేటాబేస్, పూర్తి లైను, వచ్చిన అంకె రాయండి. వచ్చినవన్నీ రిఫరెన్సులు దాచుకునే జోటెరో అన్న సాఫ్ట్‌వేర్‌లోకి దించుకుంటే డూప్లికేట్లు అదే చూపిస్తుంది.

మీ దగ్గరున్న ఆ మూడు పేపర్ల టైటిళ్ళు కింద పెట్టండి. వాటి మెష్ పదాలు చూసి మొదటి గంప లైను నేను రాసి పెడతాను, రెండోది మీరు రాయండి, నడిపి చూద్దాం.