మూలాపేట చరిత్ర పోగుచేస్తున్న మేనల్లుడికి

నాయనా, ఆశీస్సులు.

మీ వీధివాళ్లంతా కలిసి మన నెల్లూరు మూలాపేట చరిత్ర రాయాలనుకుంటున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. ఒక్క మాట ముందే చెప్తున్నా. తిక్కనతో, నెల్లూరు ఏలిన మనుమసిద్ధితో మొదలుపెట్టకండి. వాళ్ల గురించి పండితులు చాలానే రాశారు. మీ వీధి చివరింటి అవ్వకు తెలిసింది మాత్రం ఎవరూ రాయలేదు. ముందు ఆమె దగ్గరికి వెళ్లండి.

వెళ్లి "ఏ సంవత్సరం?" అని అడగొద్దు. పెద్దవాళ్లకు అంకెలు గుర్తుండవు, జరిగినవి గుర్తుంటాయి. సారా ఉద్యమానికి ముందా, తర్వాతా? కావలి తుఫానుకి ఆ మిద్దె ఉందా? ఇలా అడగండి. ఉద్యమం 1992లో, తుఫాను 1989 నవంబరులో. ఇలాంటి గుర్తులు రెండు మూడు దొరికితే కాలం తేలిపోతుంది. చెప్పకుండా రికార్డు చేయొద్దు. ఎవరు, ఏ రోజు చెప్పారో అక్కడికక్కడే రాసుకోండి. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ ఉంచండి.

ఇక నాకు బాగా తెలిసిన సంగతి. నా ఉద్యోగమంతా రిజిస్ట్రేషన్ ఆఫీసులోనే గడిచింది కదా, పేట చరిత్ర పాత దస్తావేజుల హద్దుల్లో ఉంటుందని గట్టిగా చెప్పగలను. తూర్పున ఫలానావారి ఖాళీ స్థలం, పడమర పంట కాలువ, ఉత్తరాన రాస్తా అని రాసి ఉంటుంది. ఆ కాలువ ఇప్పుడెక్కడ? మురుగు కాలువ అయిందా, దాని మీద అపార్ట్‌మెంటు లేచిందా? వానొస్తే ఏ సందులో నీళ్లు ఎందుకు నిలుస్తాయో కూడా అక్కడే తెలుస్తుంది. నాలుగైదు ఇళ్ల కాగితాలు పక్కపక్కన పెడితే పాత వీధి మ్యాపు మీ చేతికొస్తుంది. అన్నదమ్ముల తగాదా నడుస్తున్న ఇంటి జోలికి మాత్రం పోకండి. హద్దుల పేజీ ఒక్కటే ఫొటో తీసుకోండి. ఎంతకు కొన్నారో మనకు అక్కర్లేదు.

గుళ్లో శాసనాలు చూడాలంటే, 1905లో బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి అచ్చువేయించిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాలు తిరగేసి వెళ్లండి. అక్షరాలు కనపడాలని రాయికి పిండి, సున్నం, నూనె పూయొద్దు. పక్క నుంచి టార్చి వేస్తే అవే లేచి కనిపిస్తాయి.

పేటంటే గుడి వీధులే కాదు. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగిన ఆడవాళ్లను అడగండి, ఏ కోరికతో ఏ రొట్టె పట్టుకున్నారో. వీధులూడ్చిన కుటుంబాల దగ్గరికీ వెళ్లండి. ఎవర్ని ఏ బావి దగ్గరికి రానిచ్చేవారు కాదో వాళ్లు చెప్తారు. వినడం కష్టంగా ఉంటుంది. "అదెందుకిప్పుడు" అనేవాళ్లూ ఉంటారు. అది వదిలేసి రాసేటట్టయితే అసలు మొదలే పెట్టొద్దంటాను.

వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకోకండి, రెండు రోజుల్లో కిందికి పోతుంది. ఆదివారం పొద్దున్నే పదిమందితో వీధులు నడవండి. ఎవరి సంగతి వాళ్ల గుమ్మం ముందు వాళ్ల చేతే చెప్పించండి. అచ్చు వేసేముందు చెప్పినవాళ్లకు చదివి వినిపించండి, వద్దన్నది తీసేయండి.

మా సంతపేట ఇంటి పాత దస్తావేజు మీ అత్తయ్య బీరువాలో ఉంది. శనివారం వచ్చి చూసుకో.

మీ మామయ్య